తప్పు నంబరుది, ఫోటోది కాదు

మా బడిలో తొమ్మిదో తరగతి 'బి' సెక్షనులో వెంకటేశ్‌లు ముగ్గురున్నారు. "ఒరేయ్ వెంకటేశ్, ఇలా రా!" అని నేను పిలిస్తే ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడతారు. ఆఫీసు గదికి వెళ్ళి సుద్దముక్కలు తెమ్మంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని ముగ్గురూ కూర్చుంటారు! మీ తరగతిలోనూ ఇలాంటి లక్ష్ములో, సాయిలో, శ్రావణులో ఉండే ఉంటారు.

మరి ఈ చిక్కును మనం ఎలా విడదీస్తాం? పేరు ముందు ఇంటిపేరు చేరుస్తాం. లేదా "పొడుగు వెంకటేశ్, పొట్టి వెంకటేశ్" అంటాం. అంతేగాని, "పేరు ఒకటే కాబట్టి మనిషీ ఒకడే. మిగిలిన ఇద్దరినీ హాజరుపట్టీలోంచి కొట్టేద్దాం" అని ఏ మాష్టారూ అనడు. అంటే మీరు నవ్వుతారు.

కాని సరిగ్గా అలాంటి పనే నేను చేశాను. సైన్సు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటాక, కంప్యూటరు ముందు కూర్చుని, అన్నీ తెలిసినవాడిననే ధీమాతో చేశాను. మీరు చేయకుండా ఉండాలని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

గంట కొట్టిన ఫోటో

కొన్నేళ్ళ క్రితం మా బడికి అరవై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా బడి ఫోటోలన్నీ ఒకచోట చేర్చి కంప్యూటరులో భద్రం చేద్దామనుకున్నాం. బడి కెమేరాతో తీసినవి కొన్ని. పూర్వ విద్యార్థి ఒకాయన బహుమతిగా ఇచ్చిన రెండో కెమేరాతో తీసినవి కొన్ని. మాష్టార్ల ఫోన్లలో ఉన్నవి మరికొన్ని. గోడలకు వేలాడుతున్న పాత గ్రూపు ఫోటోలను స్కాన్ చేశాం. అన్నింట్లోంచీ ఏరితే దాదాపు రెండు వేలు తేలాయి. పదో తరగతి పిల్లలు మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చుని, ఒక్కొక్క ఫోటోలో ఎవరున్నారో, ఏం జరుగుతోందో ఒక పట్టికలో ఓపిగ్గా రాశారు.

ఒకరోజు కంప్యూటరు తెర మీద ఒక ప్రశ్న వెలిగింది. ఒకే గుర్తింపు సంఖ్య ఉన్న జంటలు 86 ఉన్నాయట. ప్రతి జంటలో రెండోదాన్ని తొలగించమంటారా అని అడుగుతోంది. మౌస్ పట్టుకున్న అమ్మాయి నా వైపు తిరిగి, "సార్, ఒకసారి తెరిచి చూద్దామా?" అంది. అప్పటికే పీరియడ్ గంట కొట్టే వేళయింది. "రెండూ ఒకటేనని అదే చెబుతోంది కదమ్మా! నొక్కెయ్" అన్నాను. ఆ అమ్మాయి నొక్కేసింది.

ఆరు నెలలు గడిచాయి. మా బడిలో ముప్పై ఒక్క ఏళ్ళపాటు గంట కొట్టిన అటెండరు ఒకాయన ఉండేవాడు. మా గంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. ఆయన రిటైరయిన రోజు సాయంత్రం చివరి గంట కొడుతుండగా ఒక ఫోటో తీశాం. ఆయన చనిపోయాక కూతురు మా బడికి వచ్చింది. "పెద్దకర్మ కార్డు మీద వేయించడానికి ఇంట్లో నాన్న ఫోటో సరైనది ఒక్కటీ లేదు మాష్టారూ. గంట కొడుతున్న ఫోటో బడిలో ఉందని అనేవారు" అంది.

"లేకేమమ్మా, ఉంది" అని పట్టిక తెరిచాను. 0417 అనే సంఖ్యకు ఎదురుగా "చివరి గంట కొడుతున్న మన అటెండరుగారు" అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఆ సంఖ్యగల ఫోటో తెరిచాను. ఎనిమిదో తరగతి పిల్లలు కబాడీ ఆడుతున్నారు!

ఇంకోసారి వెతికాను. ఇంకోసారి కూడా కబాడీయే వచ్చింది. ఆమె కాసేపు చూసి, "పోనీలెండి మాష్టారూ" అని వెళ్ళిపోయింది. ఆమె కోప్పడినా నాకు అంత బాధ కలిగేది కాదు.

ఫోటో వెనక రాత

జరిగిందేమిటో అర్థం కావాలంటే, డిజిటల్ ఫోటోకు కూడా ఒక వెనక వైపు ఉంటుందని ముందు తెలుసుకోవాలి.

మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే అందులోంచి ఒక ఫోటో బయటికి తీసి తిప్పి చూడండి. "చిన్నక్క పెళ్ళి, 1984, తెనాలి" అంటూ తాతయ్య పెన్సిలుతో రాసిన రాత కనిపించవచ్చు. బొమ్మ ముందు వైపు ఉంటుంది. బొమ్మను గురించిన కబురు వెనక వైపు ఉంటుంది. డిజిటల్ ఫోటో ఫైలులో కూడా బొమ్మతోపాటు ఇలాంటి రాత దాగి ఉంటుంది. దానినే మెటాడేటా అంటారు. అంటే, సమాచారాన్ని గురించిన సమాచారం అన్నమాట.

ఈ రాత ఎలా ఉండాలో చెప్పే నియమావళి ఒకటి 1995లో జపానులో తయారైంది. దాని పేరు ఎగ్జిఫ్. ఫోటో తీసిన తేదీ, వేళ, కటకం నాభ్యంతరం, వెలుతురును ఎంతసేపు లోపలికి రానిచ్చారు అనే సంగతులన్నీ కెమేరాయే దీని ప్రకారం రాసుకుంటుంది. ఫోన్‌లో ఆ సదుపాయం తెరిచి ఉంటే ఫోటో తీసిన చోటు అక్షాంశ, రేఖాంశాలు కూడా చేరతాయి. ఇవిగాక, ఫోటోకు గుర్తింపు సంఖ్య రాసుకోవడానికి ఒక ప్రత్యేకమైన గడి ఉంది. 128 బిట్ల సంఖ్యను 32 గుర్తులుగా అందులో రాయవచ్చు. ఏ రెండు ఫోటోలకూ అది ఒకటి కాకూడదని ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. కాని గడి ఉన్నంత మాత్రాన సరిపోదు కదా! అందులో ఏం రాశామన్నది ముఖ్యం. మేం వాడిన ప్రోగ్రాము ఏం చేసిందంటే, కెమేరా పెట్టిన ఫైలు పేరులోని అంకెలనే తీసుకుని గుర్తింపు సంఖ్యగా మెటాడేటాలో రాసేసింది. గొడవంతా అక్కడే మొదలైంది.

హాజరు నంబరు, అడ్మిషన్ నంబరు

కెమేరాలు ఫైళ్ళకు పేర్లు ఎలా పెట్టాలో చెప్పే నియమం 1998 నుంచీ ఉంది. పేరులో ఎనిమిది గుర్తులుంటాయి. మొదటి నాలుగు తయారుచేసినవారి ఇష్టం. చివరి నాలుగూ అంకెలు. అవి 0001 నుంచి 9999 దాకా నడుస్తాయి. 9999 దాటితే ఏమవుతుంది? మళ్ళీ 0001 వస్తుంది! ఒకే కెమేరాతో పదివేల ఫోటోలు తీస్తే చాలు, పాత సంఖ్యలు తిరిగి వస్తాయన్నమాట. రెండు కెమేరాలుంటే అంతవరకూ ఆగనక్కర్లేదు. రెండూ 0001తోనే మొదలుపెడతాయి. బడి కెమేరాలో 0417 కబాడీ పోటీ అయింది. బహుమతి కెమేరాలో 0417 గంట కొడుతున్న అటెండరు అయ్యాడు.

ఆ ప్రోగ్రాము రెండు 0417 లను చూసి, మొదట చేరిన కబాడీని ఉంచి రెండోదాన్ని తీసేసింది. పట్టికలో మాత్రం తరవాత చేరిన రాత ముందటి రాతను చెరిపి దాని చోట్లో కూర్చుంది. ఆ విధంగా కబాడీ బొమ్మకు గంట రాత అతుక్కుంది. బొమ్మ పోవడం ఒక నష్టం. తప్పుడు రాత మిగలడం ఇంకో నష్టం. పదేళ్ళ తరవాత ఎవరైనా ఆ పట్టిక చూస్తే, కబాడీ ఆడే కుర్రాడే అటెండరు అనుకోవచ్చు!

ఇక్కడ మీకు బాగా తెలిసిన విషయం ఒకటి గుర్తుచేస్తాను. బడిలో మీకు రెండు నంబర్లుంటాయి. ఒకటి హాజరు నంబరు. ఈ ఏడాది 12వ నంబరు మీదే కావచ్చు, వచ్చే ఏడాది అది వేరే వాళ్ళది. పక్క సెక్షనులో ఈ రోజే ఇంకో 12వ నంబరు ఉంది. హాజరు పిలవడానికి అది చాలు. రెండోది అడ్మిషన్ నంబరు. మీరు బడిలో చేరిన రోజున పెద్ద రిజిస్టరులో రాసిన నంబరు అది. మీరు టీసీ తీసుకుని వెళ్ళిపోయినా దానిని ఇంకొకరికి ఇవ్వరు. ఇరవై ఏళ్ళ తరవాత పుట్టిన తేదీ ధ్రువపత్రం కోసం వస్తే, ఆ నంబరుతోనే మిమ్మల్ని పట్టుకుంటాం.

కెమేరా ఇచ్చే అంకె హాజరు నంబరు వంటిది. దానిని మేం అడ్మిషన్ నంబరుగా వాడాం. మా తప్పు అదీ!

సంఖ్యలు కలిసిపోయే దారులు ఇంకా ఉన్నాయి. కొందరు ఫోటో తీసిన వేళనే గుర్తుగా వాడతారు. కాని కెమేరా మీట నొక్కి పట్టుకుంటే ఒక్క సెకనులో నాలుగైదు ఫోటోలు పడతాయి. సెకన్ల దాకానే లెక్కపెడితే అన్నింటికీ ఒకే వేళ! కెమేరా గడియారం తప్పితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఇంకో దారి నకలు. ఒక ఫోటోను నకలు తీసి, అంచులు కత్తిరించి వేరే ఫోటోగా దాచుకుంటారు. బొమ్మ మారుతుంది, కాని మెటాడేటాలోని సంఖ్య కూడా నకలై దానితోనే వస్తుంది. నంబరు వేసిన దరఖాస్తును జిరాక్సు తీసినట్లు!

దీనికి సరిగ్గా ఎదురైన చిక్కు కూడా ఉంది. ఒకే ఫోటోకు రెండు గుర్తులు పడడం. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, ఎగ్జిఫ్ రాత ఊడిపోతుంది, పేరు మారిపోతుంది. చూడటానికి అదే బొమ్మ, కంప్యూటరుకు మాత్రం కొత్త ముఖం. దానినే డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్లు వెళుతుంది. బడి సేకరణకు ఎవరినైనా ఫోటో అడిగేటప్పుడు ఈ సంగతి చెప్పడం మంచిది.

ప్లాటిపస్ ఏం చేసింది?

ఒకే పేరు ఇద్దరికి పడటం కంప్యూటర్లు పుట్టాక వచ్చిన తంటా కాదు. జీవశాస్త్రవేత్తలు దీనిని ఎప్పుడో ఎదుర్కొన్నారు, చక్కగా పరిష్కరించుకున్నారు కూడా.

ఆస్ట్రేలియాలో బాతు మూతిలాంటి మూతిగల జంతువు ఒకటి ఉంది. గుడ్లు పెడుతుంది, పిల్లలకు పాలూ ఇస్తుంది. 1799లో జార్జి షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాని చర్మాన్ని పరిశీలించాడు. ఎవరో బాతు మూతిని తెచ్చి కుట్టారేమోనని మొదట అనుమానించాడట. చివరకు దానికి 'ప్లాటిపస్ అనాటినస్' అని పేరు పెట్టాడు. ప్లాటిపస్ అంటే బల్లపరుపు పాదం కలది అని అర్థం. పేరు బాగానే ఉంది. కాని ఆ పేరు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు! 1793లోనే హెర్బ్స్ట్ అనే ఆయన ఒక పెంకుపురుగుల ప్రజాతికి 'ప్లాటిపస్' అని పెట్టి ఉన్నాడు.

ఇప్పుడు ఏం చేయాలి? పేరు ఒకటే కాబట్టి పురుగూ జంతువూ ఒకటే అనలేరు. రెండింట్లో ఒకదాన్ని పుస్తకంలోంచి కొట్టేయలేరు. పేరు ముందుగా పుచ్చుకున్నది పురుగు, కనుక ఆ పేరు పురుగుకే వదిలేశారు. అదే జంతువుకు బ్లూమెన్‌బాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1800లో విడిగా పెట్టిన 'ఆర్నిథోరింకస్' అనే ప్రజాతి పేరు తీసుకున్నారు. షా పెట్టిన జాతి పేరు అంతకంటే పాతది, దానివల్ల ఎవరికీ చిక్కు లేదు, కనుక దానిని అలాగే ఉంచారు. అందుకే ఈనాడు దాని శాస్త్రీయ నామం ఆర్నిథోరింకస్ అనాటినస్. పాత పేరు పూర్తిగా మాయం కాలేదు. "ఒకప్పుడు దీనిని ఇలా పిలిచేవారు" అని గ్రంథాల్లో నమోదై ఉంది. మామూలు మాటల్లో అందరూ దానిని ఇప్పటికీ ప్లాటిపస్ అనే అంటారు.

ఇందులో నాలుగు నియమాలు కనిపించడం లేదూ? ముందు ఉన్నవారి పేరు కదపవద్దు. రెండోవారికి కొత్త పేరు ఇవ్వాలి. పాత పేరు ఏమిటో రాసి ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యంగా, జంతువును పారేయవద్దు! ఫోటోలకూ ఈ నాలుగే కావాలి.

సరిదిద్దడం ఎలా?

కబాడీ ఫోటో చూసి నేను కుంగిపోయి కూర్చున్నప్పుడు, ఆ రోజు మౌస్ పట్టుకున్న అమ్మాయి వచ్చింది. "సార్, మొదటి రోజునే రెండు కెమేరాల కార్డులూ ఉన్నవి ఉన్నట్లు ఇంకో డిస్కులోకి తీశాను. మీరు కోప్పడతారని చెప్పలేదు" అంది. నేను కోప్పడతానని భయపడి ఒక మంచి పని దాచిపెట్టిందంటే, అందులో నా తప్పు ఎంతో నాకు తెలుసు. నలుగురు పిల్లలతో కలిసి ఆ వారమే పని మొదలుపెట్టాం. మేం చేసిన క్రమం ఇదీ.

మొదటి పని: ముట్టుకోకముందే మొత్తం సేకరణకు నకలు తీసి వేరేచోట పెట్టాలి. ఏం చేసినా నకలు మీదనే చేయాలి. మెటాడేటాను చదవడానికి, మార్చడానికి మేం వాడింది ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత పరికరం. ఫిల్ హార్వే అనే ఆయన దీనిని 2003లో మొదలుపెట్టాడు. అది ఫైలును మార్చేటప్పుడు మార్చకముందున్న ఫైలును కూడా, వద్దని మనం చెబితే తప్ప, పక్కనే దాచి ఉంచుతుంది. తయారుచేసినవాడి జాగ్రత్త చూశారా!

రెండో పని: అన్ని ఫోటోల సంఖ్యలనూ ఒక పట్టికగా తీసి వరసలో పేర్చాలి. ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే పక్కపక్కనే కనబడుతుంది.

మూడో పని: ఆ జంటలకు వేలిముద్రలు పోల్చాలి. ఫైలుకు వేలిముద్ర ఏమిటంటారా? ఫైలులోని బిట్లన్నింటినీ ఒక లెక్క ప్రకారం కలియబోసి ఒక చిన్న సంఖ్యను రాబట్టవచ్చు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ఎంత పెద్ద ఫైలుకైనా 256 బిట్ల సంఖ్య వస్తుంది. దానిని 64 గుర్తులతో రాస్తారు. ఫైలులో ఒక్క బిట్టు మారినా వేలిముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. రెండు ఫైళ్ళకు ఇది అచ్చంగా ఒకటే వస్తే అవి ఒకదానికొకటి సరైన నకళ్ళేనని నిశ్చింతగా అనుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వేలిముద్రలు వేరైనంత మాత్రాన బొమ్మలు వేరని చెప్పలేం! మెటాడేటా కూడా ఫైలులో భాగమే కదా. బొమ్మను తాకకుండా రాతలో ఒక్క అక్షరం దిద్దినా వేలిముద్ర మారుతుంది. కాబట్టి వేలిముద్రలు వేరైన జంటలను మన కళ్ళతో చూడక తప్పదు.

చూశాం. 86 జంటల్లో అచ్చమైన నకళ్ళు 9 మాత్రమే. వాటిలో ఒకటి ఉంచి ఒకటి తీసేశాం. ఒకే ఫోటోను కత్తిరించినవి, వెలుతురు సరిచేసినవి 21. వాటిని రెండింటినీ ఉంచి, రెండోదానికి కొత్త సంఖ్య ఇచ్చి, "ఇది ఫలానా ఫోటో నుంచి వచ్చింది" అని రాశాం. మిగిలిన 56 జంటలూ పూర్తిగా వేరు వేరు ఫోటోలు! ఆ రోజు నేను నొక్కించిన ఒక్క మీటతో 56 వేరు వేరు ఫోటోలు పోయాయన్నమాట. అవన్నీ డిస్కులోంచి తిరిగి వచ్చాయి. రెండోవాటికి కొత్త సంఖ్యలిచ్చాం.

చివరి పని: కొత్త సంఖ్య ఇచ్చిన ప్రతి ఫోటోకూ పాత సంఖ్య ఏమిటో మెటాడేటాలోనూ, పట్టికలోనూ రాయాలి. ఆ పాత సంఖ్యను ఎక్కడెక్కడ వాడామో వెతికి దిద్దాలి. మా గోడపత్రికలో రెండుచోట్ల దిద్దాల్సి వచ్చింది. ఇది చేయకపోతే సగం పనే చేసినట్లు. ఇల్లు మారి పోస్టుమానుకు చెప్పకపోతే ఉత్తరాలు పాత ఇంటికే వెళతాయి మరి!

కొత్త సంఖ్య ఎలాంటిది?

దీని మీద మా స్టాఫ్ రూములో పెద్ద చర్చే జరిగింది. "సంఖ్య చూడగానే సంగతి తెలియాలి. సంవత్సరం, తరగతి, కార్యక్రమం అన్నీ అందులోనే పెడదాం" అని మా లెక్కల మాష్టారు వాదించాడు. వినడానికి బాగుంది. నేను ఒప్పుకోలేదు. 2011 అనుకున్న వార్షికోత్సవం 2012 అని రేపు తేలితే? సంఖ్య మార్చాలి, లేదా అబద్ధం చెప్పే సంఖ్యతో కాపురం చేయాలి. సంగతులు మారవచ్చు, దిద్దుకోవచ్చు. వాటికి మెటాడేటాలో వేరే గడులున్నాయి. గుర్తింపు సంఖ్య పని గుర్తించడం ఒక్కటే.

పోనీ, ఎవరికి తోచిన సంఖ్య వాళ్ళు వేసుకుంటే? ఈ లెక్క చూడండి. ఏ 23 మందిని ఒక గదిలో చేర్చినా, వారిలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి అవకాశం సగం కంటే ఎక్కువ! 23 మందిలో జంటలు 253 ఏర్పడతాయి కనుక ఇలా జరుగుతుంది. 40 మంది ఉన్న తరగతిలోనైతే ఆ అవకాశం నూటికి 89 పాళ్ళు. ఇదే లెక్కన నాలుగంకెల సంఖ్యలను ఎవరికి తోచినట్లు వాళ్ళు వేస్తూ పోతే, 120 ఫోటోలు అయ్యేసరికే ఎక్కడో ఒకచోట రెండు కలిసే అవకాశం సగం దాటుతుంది. పదివేల సంఖ్యలున్నాయి కదా అని ధైర్యపడటానికి లేదు.

కాబట్టి దారులు రెండు. ఒకరితో ఒకరు సంప్రదించకుండా చాలామంది సంఖ్యలు వేయాల్సి వస్తే, బ్రహ్మాండమైన యాదృచ్ఛిక సంఖ్యలు వాడాలి. యూయూఐడీ అనేది అలాంటిదే. దాని 128 బిట్లలో 6 బిట్లు రకం తెలపడానికి పోగా, 122 బిట్లను కంప్యూటరు చీట్లు తీసినట్లు ఎంచుతుంది. అంటే దాదాపు 53 తరవాత 35 సున్నాలు పెట్టినన్ని సంఖ్యలు! అందులో రెండు కలవడమనేది మన జీవితకాలంలో బెంగపడనక్కర్లేని సంగతి. అలా కాక, సంఖ్యలు వేసేది ఒకేచోట, ఒకే పుస్తకంలో అయితే, అడ్మిషన్ రిజిస్టరు పద్ధతి చాలు. 1, 2, 3... అని వరసగా వేయడం, వేసినదాన్ని ఇంకెవరికీ ఇవ్వకపోవడం. ఫోటో తొలగించినా దాని సంఖ్య ఖాళీగానే ఉండాలి. మా బడికి మేం ఈ రెండో పద్ధతే ఎంచుకున్నాం. లెక్కల మాష్టారు ఇప్పటికీ ఒప్పుకోలేదు, కాని రిజిస్టరు మాత్రం ఆయనే రాస్తున్నాడు!

ఇంత శ్రమ అవసరమా?

"ఎందుకండీ ఇదంతా? ఫోన్ నిండిపోతోంది, డూప్లికేట్లు తీసేయమంటే అదే తీసేస్తుంది" అని మీరు అనవచ్చు. యంత్రాన్ని నేను తప్పు పట్టను. రెండు వేల సంఖ్యలను పోల్చి 86 జంటలను చూపడం మనవల్ల అయ్యే పని కాదు, దానికి క్షణం పని. అనుమానం చూపించడం దానికి అప్పగిద్దాం. తీర్పు చెప్పడం మాత్రం మన దగ్గరే ఉంచుకుందాం. సంఖ్య అంటే మనం అతికించిన చీటీ. రెండు డబ్బాల మీద 'ఉప్పు' అని ఉంటే మీ అమ్మగారు ఒక డబ్బాను పారబోయరు. మూత తీసి చూస్తారు. ఒకదాంట్లో పంచదార ఉండవచ్చు కదా!

సైన్సు చదివేవారికి ఈ అలవాటు మరీ ముఖ్యం. రేపు మీరు ప్రయోగశాలలో రక్తం నమూనాలకో, విత్తనాలకో, రాళ్ళకో సంఖ్యలు వేస్తారు. ఒకే సంఖ్య రెండు సీసాల మీద పడితే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటగట్టినట్లవుతుంది. అప్పుడు సీసా పారబోసి ఊరుకుంటారా, సంఖ్య ఎక్కడ తప్పిందో వెతుకుతారా? ఇప్పుడు ఫోటోల దగ్గర పడిన అలవాటే అప్పుడూ వస్తుంది.

అటెండరుగారి ఫోటో నాలుగో రోజున దొరికింది. అప్పటికే కార్డులు అచ్చయిపోయాయి. ఏదో గుర్తింపు కార్డులోని చిన్న బొమ్మను పెద్దది చేసి వేయించారు, మొహం సరిగా తెలియలేదు. మేం గంట ఫోటోను ఫ్రేము కట్టించి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాం. ఆమె దానిని చాలాసేపు పట్టుకుని చూసి, "చెయ్యి పైకెత్తినప్పుడు నాన్న ఇలాగే ఉండేవారు" అంది. ఫోటో వెనక ఆ అమ్మాయి పెన్సిలుతో రాసింది: తేదీ, ఆయన పేరు, కొత్త సంఖ్య 1962, పాత సంఖ్య 0417.

ఈ ఆదివారం మీరూ ఒక పని చేసి చూడండి. ఇంట్లో ఉన్న రెండు ఫోన్ల ఫోటోలను ఒకచోట చేర్చి, పేర్లు కలిసినవి ఎన్నో లెక్కపెట్టండి. వాటిలో నిజంగా నకళ్ళు ఎన్నో, వేరు ఫోటోలు ఎన్నో తెరిచి చూసి రాసుకోండి. ఒక్కటి కూడా తొలగించకండి. ముందు ఇంకోచోట నకలు తీసి పెట్టండి. ఆ సంగతి మీ మాష్టారుతో చెప్పండి కూడా. ఆయన కోప్పడరు.